చదును తీగచుట్టయు అయస్కాంతమును



మీలో కొందఱు ఈ ప్రసంగమును చిన్న ట్రాన్సిస్టరు పెట్టెలో మధ్యమ తరంగములపై వినుచుందురు. అట్టివారు నా మాట మన్నించి ఆ పెట్టెను బల్లమీదనే మెల్లగా త్రిప్పి చూడుడు. ఒకానొక దిక్కునకు తిరిగినప్పుడు నా గొంతు సన్నగిల్లును. అటనుండి పావుచుట్టు త్రిప్పగనే మరల బలము పుంజుకొనును. లోపము నా గొంతునందు లేదు. ఆ పెట్టెలోపల ఒక తీగచుట్ట కలదు. ప్రసారకేంద్రమునుండి వచ్చు తరంగములోని అయస్కాంత బలము ఆ చుట్ట నడుమగా దూఱిపోయినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టుచున్నది. దూఱక ప్రక్కలనుండి జాఱిపోయినప్పుడు పుట్టుట లేదు. పూర్వము వాల్వుల రేడియోలు కొన్నింట ఈ చుట్ట పెట్టె వెనుకనున్న అట్టకు అంటుకొని, పండుగనాటి చక్కిలమువలె చదునుగా నుండెడిది.

నేటి ప్రసంగము అట్టి చదును చుట్టను గూర్చినది. అయస్కాంతము చెంతకు వచ్చినప్పుడు ఆ చుట్టలోని విద్యుత్ప్రవాహమునకు ఏమగును? ప్రశ్న చిన్నదే. కాని దీనికి తప్పు సమాధానము నమ్మి నా పూర్వశిష్యుడొకడు అర యెకరము మాగాణి పోగొట్టుకొనెను. అందులో నా పాలును కొంత కలదు గనుక ముందుగా ఆ కథ చెప్పెదను.

నేను పాతపద్ధతిలో చదివినవాడను. చిన్ననాట తర్కసంగ్రహము వల్లెవేసి, పిమ్మట భాషాప్రవీణ పట్టము పుచ్చుకొని, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుటకు చేరితిని. విజ్ఞానశాస్త్రమునకు ఉపాధ్యాయుడు లేని కొన్ని సంవత్సరములు ఆ తరగతులును నా నెత్తిన బడినవి. పదవ తరగతి పుస్తకములో లెంజ్ నియమమని యొక వాక్యము కలదు. దానిని పిల్లలచేత కంఠస్థము చేయించితిని. దాని యర్థము నాకే సరిగా తెలియదు. తెలియదని వారితో చెప్పినదియు లేదు. ఆ శిష్యుడు ఆ తరగతివాడే.

నేను పదవీవిరమణ చేసిన కొన్నాళ్లకు అతడు వచ్చి, “మాస్టారూ, మీరొక్కసారి మా ఇంటికి వచ్చి చూడాలి” అని వెంటబెట్టుకొని పోయెను. పశువుల కొట్టములో ఒక యంత్రము నిలిపియున్నాడు. గుండ్రని చెక్కచక్రము, దాని అంచున బలమైన అయస్కాంతపు బిళ్లలు ఎనిమిది. దాని కెదురుగా కదలని పలక. ఆ పలకమీద పళ్లెములో చక్కిలములు అమర్చినట్లు ఆఱు చదును తీగచుట్టలు. అయస్కాంతములు చుట్టలను దాటునప్పుడు విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు ఒక మోటారును త్రిప్పును. ఆ మోటారు మరల ఈ చక్రమునే త్రిప్పును. మిగిలినదానితో తన పొలములోని 5 అశ్వశక్తుల పంపును నడిపించుకొనవచ్చునని అతని యోచన. సెల్‌ఫోనులో ఎవరో అట్టి యంత్రమును ఆడించి చూపగా చూచినాడట. దానికొఱకై పొలము అమ్మినాడట.

చక్రమును చేతితో త్రిప్పి వదలెను. చప్పుడు లేకుండ చాలసేపు తిరిగినది. వోల్టుమీటరు ముల్లు 12 దగ్గరకు పోయినది. “చూశారా మాస్టారూ, తేరగా పన్నెండు వోల్టులు!” అనెను. నాకును ఆశ్చర్యమైనది. పిమ్మట చిన్న బల్బు తగిలించి మరల త్రిప్పెను. బల్బు వెలిగినది, చక్రము మాత్రము, కనబడని చేయి యేదో అడ్డుపెట్టినట్లు, వెంటనే నెమ్మదించి నిలిచిపోయినది. బేరింగు చెడినదని అతని యనుమానము. అప్పటికి మూడు బేరింగులు మార్చినాడు.

ఆ కనబడని చేయి యెవరిది? ఇంటికి వచ్చిన పిమ్మట, అఱువదేండ్లు దాటిన వయస్సున, నేను మొదటినుండి పుస్తకములు చదువ నారంభించితిని. చదివినదియే మీతో చెప్పుచున్నాను.

కనబడని హేతువును మనవారు అదృష్టమనిరి. సూది అయస్కాంతమువైపు పోవుటకు కారణము అదృష్టమని కణాద మహర్షి వైశేషిక సూత్రములలో చెప్పెను. అచట అదృష్టమనగా లాటరీ తగులుట కాదు. కంటికి కానరాని కారణమని యర్థము. కారణము తెలియనప్పుడు తెలియదని యొప్పుకొని దానికొక పేరు పెట్టి యుంచుట నిజాయితీగల పనియే యని నా యభిప్రాయము. ఆ పేరునే సమాధానమనుకొని తరువాతివారు వెదకుట మానివేయుటయే చిక్కు.

వెదకుట మానని వారి వలన 1820లో ఒక సంగతి తేలినది. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెన్ నగరమున ఓర్‌స్టెడ్ అను ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహించు తీగ దగ్గఱ దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటను కనుగొనెను. విద్యుత్తునకు అయస్కాంతముతో చుట్టఱికము కలదని అదివఱకు అనుమానమే గాని ప్రత్యక్షము లేదు. ఆ యేడే పారిసు నగరమున ఆంపియరు, తీగను చదునుగా సుడివలె చుట్టి, అట్టి చుట్టలు రెండింటిని ఎదురెదురుగా నుంచి ప్రవాహమును పంపెను. రెంటియందును ప్రవాహము ఒకే దిక్కున తిరిగినప్పుడు అవి ఆకర్షించుకొనినవి. ఎదురు దిక్కుల తిరిగినప్పుడు వికర్షించుకొనినవి. అనగా చదును చుట్ట ప్రవాహము పాఱినంతసేపు తానే ఒక అయస్కాంతపు బిళ్ల. మనవైపున్న ముఖమున ప్రవాహము గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగుచున్నచో ఆ ముఖము ఉత్తర ధ్రువము. గడియారపు ముల్లువలె తిరుగుచున్నచో దక్షిణ ధ్రువము. ఈ యొక్కటి గుర్తుంచుకొనుడు; ముందు అక్కఱకు వచ్చును.

ఇక మన ప్రశ్న. బ్యాటరీతో ప్రవాహము నడచుచున్న చదును చుట్ట యొకటి బల్లమీద నున్నది. దానిమీద గట్టి అయస్కాంతమును తెచ్చి కదలకుండ నిలిపితిమి. ప్రవాహము పెరుగునా, తరుగునా? తరగతిలో అడిగినచో సగముమంది పెరుగునందురు, సగముమంది తరుగునందురు. రెండును కావు. కదలని అయస్కాంతము ప్రవాహపు పరిమాణమును మార్చదు. తీగను మాత్రము నెట్టును. చుట్ట వ్రేలాడుచున్నచో మెలితిరిగి అయస్కాంతమునకు అనుకూలముగా నిలువ జూచును. పాఠశాలలోని గాల్వనోమీటరు ఈ మెలికతోడనే పనిచేయును: రెండు ధ్రువముల నడుమ సన్నని తీగతో చుట్టిన చిన్న చట్రము, దానికొక ముల్లు. ప్రవాహమెంతయో మెలిక యంత. సూక్ష్మముగా చెప్పవలెనన్నచో, అయస్కాంత క్షేత్రములో ఇనుము యొక్క నిరోధము కొద్దిగా మాఱునని, పిమ్మట కెల్విన్ ప్రభువైన విలియం థామ్సన్ 1856లో కనుగొనెను. రాగి తీగలో ఆ మార్పు లెక్కకు రానంత స్వల్పము. దానిని విడిచిపెట్టుదము.

కావున అయస్కాంతము ఉన్నంతమాత్రమున ప్రవాహమునకు ఏమియు జరుగదు. ఈ సత్యము తేలుటకు పెద్దలకే పదకొండేండ్లు పట్టినది. విద్యుత్తు అయస్కాంతత్వమును పుట్టించినప్పుడు అయస్కాంతము విద్యుత్తును ఏల పుట్టింపరాదని ఐరోపా యంతట ప్రయత్నించిరి. 1825లో జెనీవా నగరమున కొలాడన్ అను యువకుడు పెద్ద తీగచుట్టను సిద్ధపఱచెను. అయస్కాంతము ముల్లును సూటిగా లాగునేమోయని జాగ్రత్తపడి, గాల్వనోమీటరును ప్రక్కగదిలో నుంచి తీగలతో కలిపెను. చుట్టలో అయస్కాంతమును పెట్టును. ప్రక్కగదిలోనికి పోయి చూచును. ముల్లు సున్నమీదనే యుండును. అతడు నడచి పోవులోపల ముల్లు కదలి, తిరిగి స్వస్థానమునకు వచ్చుచున్నది. గడప కివతల ఒక శిష్యుడు నిలబడి యున్నచో ఆ కీర్తి అతనిదే యగును గదా! ఎన్నిమాఱులు చదివినను ఈ కథ నాకు జాలి గొలుపును.

కీర్తి మైకేల్ ఫారడేకు దక్కినది. ఇతడు కమ్మరివాని కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచు, కట్టవచ్చిన పుస్తకములను చదివి పండితుడైనవాడు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1831 ఆగష్టు 29వ తేదీన ఒక ఇనుప వలయమునకు రెండు ప్రక్కల రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపెను. కలిపిన క్షణమున రెండవ చుట్టకు తగిలించిన ముల్లు ఎగిరిపడినది, వెంటనే శాంతించినది. బ్యాటరీ విడదీసిన క్షణమున మరల ఎగిరినది, ఈసారి రెండవవైపునకు. అక్టోబరు 17వ తేదీన కడ్డీ అయస్కాంతమును చుట్టలోనికి దూర్చుచు, లాగుచు అదే ఫలితమును చూచెను.

మా తర్కములో అన్వయవ్యతిరేకములని రెండు పరీక్షలు గలవు. ఇది యున్నచో అది యుండవలెను. ఇది లేనిచో అది యుండరాదు. అప్పుడే ఇది దానికి కారణము. అయస్కాంతము కలదు, ప్రవాహము లేదు. కావున అయస్కాంతము కారణము కాదు. అయస్కాంత బలము మాఱుచున్నది, ప్రవాహము కలదు. మార్పు ఆగినది, ప్రవాహము ఆగినది. కావున మార్పే కారణము. మార్పు ఏ విధముగానైనను కావచ్చును. అయస్కాంతము దగ్గఱకు రావచ్చును, దూరము పోవచ్చును. చుట్ట పక్కకు తిరుగవచ్చును. అది ముడుచుకొని వైశాల్యము తగ్గవచ్చును. చుట్ట నడుమగా దూఱిపోవు బలరేఖల మొత్తమును అభివాహ మందురు. అది ఎంత త్వరగా మాఱునో అంత వోల్టేజి పుట్టును.

లెక్క వేసి చూతము. 100 చుట్లు గల చదును చుట్ట. ఒక్కొక్క చుట్టు సగటు వైశాల్యము 100 చదరపు సెంటీమీటరులు. దానిమీద అంతటను ఒక టెస్లాలో పదవవంతు క్షేత్రము. ఆ అయస్కాంతమును పదవవంతు సెకనులో లాగివేసినచో చుట్ట కొనలనడుమ 1 వోల్టు పుట్టును. ఒక సెకను పట్టునట్లు తీరికగా లాగినచో పదవవంతు వోల్టే. లాగక అట్లే యుంచినచో, సంవత్సరము గడచినను సున్న.

భూమియు అయస్కాంతమే గదా, దాని సంగతి యేమని అడుగుదురు. తెలుగునేలమీద దాని క్షేత్రము 40 మైక్రోటెస్లాలకు కొంచెము ఎక్కువ. పైన చెప్పిన చుట్టనే ఈ క్షేత్రమునకు అభిముఖముగా నిలిపి, పదవవంతు సెకనులో వెనుకది ముందునకు త్రిప్పివేసినచో, వోల్టులో వేయవవంతైనను రాదు. మఱియొక చిత్రమేమనగా, మన దేశపు దక్షిణపు కొన దగ్గఱగా అయస్కాంత భూమధ్యరేఖ పోవుచున్నది. 1963లో తొలి రాకెట్టును ఎగురవేయుటకు తుంబాను ఎంచుకొనుటకు అదియు కారణమే. ఆ రేఖకు చేరువగా నున్నందున మనయొద్ద భూమి బలరేఖలు నేలకు సమాంతరముగా పోవుటకే మొగ్గుచూపును. కావున చదును చుట్టను నేలమీద పఱచినచో బలరేఖలలో అధికభాగము దాని వీపు నిమురుచు పోవును గాని నడుమగా దూఱదు. దానినే ఉత్తర దక్షిణములకు ముఖము పెట్టి గోడవలె నిలిపినచో దూఱును. మొదట మీ ట్రాన్సిస్టరును త్రిప్పుమంటిని గదా, అది యిట్టిదే.

ఇప్పుడు ఆ కనబడని చేతికి వత్తము. ప్రవాహము పుట్టినదిసరి; ఏ దిక్కున పుట్టును? దీనికి 1834లో సెయింట్ పీటర్స్‌బర్గునందలి లెంజ్ అను శాస్త్రజ్ఞుడు సమాధానము చెప్పెను. ఏ మార్పు తనను పుట్టించినదో ఆ మార్పును ఎదిరించు దిక్కున ప్రవాహము పుట్టును. ఉత్తరధ్రువము చుట్టవైపు వచ్చుచున్నచో, చుట్టలో పుట్టిన ప్రవాహము ఆ ముఖమును ఉత్తరధ్రువముగా చేసి రావద్దని నెట్టును. అదే ధ్రువము వెడలిపోవుచున్నచో ఆ ముఖమే దక్షిణధ్రువమై పోవద్దని లాగును. నేను పిల్లలచేత వల్లె వేయించిన వాక్యమిదియే.

ఇట్లేల యుండవలెను? మా పద్ధతిలో ఒక ప్రసంగము చేసి చూతము. ప్రతిపక్షమును ఒప్పుకొన్నట్లు నటించి, దానివలన కలుగు అనర్థమును చూపుటకు అనిష్టప్రసంగమని పేరు. సరే, ప్రవాహము మార్పునకు తోడ్పడుననుకొందము. వచ్చుచున్న అయస్కాంతమును చుట్ట లోనికి లాగును. లాగినకొలది అయస్కాంతము వేగము పుంజుకొనును. వేగము పెరిగినకొలది ప్రవాహము పెరుగును. ప్రవాహము పెరిగినకొలది ఇంకను లాగును. ఒక్క వ్రేలితో తాకి వదలినచాలు, అయస్కాంతము బాణమువలె దూసికొనిపోవును, తీగ ఎఱ్ఱగా కాలును, ఇదంతయు ఏమియు లేనిదానినుండి! లోకములో ఎక్కడను అట్లు జరుగుట లేదు. వంటచెఱకు కాలకుండ అన్నము ఉడుకదు. కావున ప్రవాహము ఎదిరించియే తీరవలెను. ఎదురింపునకు లొంగక అయస్కాంతమును నెట్టుటకు మన చేయి పడు శ్రమయే విద్యుత్తుగా మాఱుచున్నది. ఒక్క నియమమునకు ఇంత బలమైన యుక్తి యున్నదని ముప్పదియేండ్ల క్రిందట నాకు తెలిసినచో!

శిష్యుని చక్రము బల్బు లేనప్పుడు హాయిగా తిరుగుటకు కారణము ఇప్పుడు తెలియును. చుట్టల కొనలు విడిగా నున్నవి. వోల్టేజి పుట్టినది, మీటరు దానిని చూపినది. కాని దారి మూసియున్నందున ప్రవాహము లేదు. ప్రవాహము లేనిచో చుట్ట అయస్కాంతము కాజాలదు, ఎదిరింపజాలదు. అతనిని మోసపుచ్చినది ఆ 12 వోల్టులు. కొండమీద చెఱువు నిండియున్నంతమాత్రమున క్రింద పొలము తడియదు. తూము తెఱచిననే తడియును. తూము తెఱచిననే చెఱువు తఱుగును. బల్బు తగిలించుట తూము తెఱచుటయే. అప్పుడు ఆఱు చుట్టలును ఆఱు అయస్కాంతములై, వచ్చు బిళ్లను రావద్దనుచు, పోవు బిళ్లను పోవద్దనుచు చక్రమును పట్టుకొనినవి. బేరింగుల తప్పేమియు లేదు. 12 వాట్ల బల్బు వెలుగవలెనన్నచో చేయి 12 వాట్లకు పైగా పెట్టవలెను. సైకిలు త్రొక్కువాడు గంటసేపు నిలుకడగా ఈయగలది సుమారు 100 వాట్లు. 5 అశ్వశక్తుల పంపునకు కావలసినది 3,700 వాట్లకు పైమాట.

మఱునాడు పోయి అతనికి ఇంకొక పరీక్ష చూపితిని. బల్బు తీసివేసి, చుట్టల కొనలను రాగితీగతో సూటిగా కలిపి త్రిప్పుమంటిని. చక్రము పావుచుట్టు తిరిగి, తేనెలో ముంచిన గరిటెవలె ఆగినది. కొనలు విప్పగనే మరల హాయిగా తిరిగినది. అతడు ఈ రెండును మార్చి మార్చి చాలసేపు చేసెను. పిమ్మట ఏమియు మాటలాడక, చక్రము ప్రక్కనే కూర్చుండెను.

ఇదే సంగతి పాఠశాలలో ఎన్నియో యేండ్లు నా కంటిముందే యుండెను. గాల్వనోమీటరును ఒక గదినుండి వేఱొక గదికి మోయునప్పుడు దాని రెండు కొనలను చిన్న రాగితీగతో కలిపి మోయవలెనని ఆచారము. ఏల యని నేనడుగలేదు. అట్లు కలిపినచో ముల్లు ఊగినప్పుడెల్ల చట్రములో ప్రవాహము పుట్టి ఊగును అణచును. సున్నితమైన ముల్లు గిలగిల కొట్టుకొని చెడిపోదు.

చుట్టయే కానక్కఱలేదు; లోహపు రేకైనను చాలును. రేకులో ప్రవాహము తనంతట తానే గుండ్రని దారులు చేసికొని సుడులు తిరుగును. దీనిని చక్కగా చూపినవాడు అమెరికాలోని జోసఫ్ హెన్రీ. ఇతడు 1838లో ప్రిన్‌స్టన్ నగరమున, రాగి పట్టీలను పట్టుతో కప్పి చదును చుట్టలుగా చుట్టి, ఒకదానికెదురుగ ఒకటి యుంచి ప్రయోగములు చేసెను. మొదటిదానిలో ప్రవాహమును తెంచినప్పుడు, కొన్ని అడుగుల దూరమున నున్న రెండవదాని కొనలు పట్టుకొన్నవానికి జిల్లుమని తగిలెడిది. నడుమ ఒక లోహపు రేకు అడ్డుపెట్టినచో తగులుట ఆగెడిది. రేకులో పుట్టిన సుడిప్రవాహము మార్పును మ్రింగివేసినది. అదే రేకును కేంద్రమునుండి అంచువఱకు ఒక్క కోత కోసి పెట్టినచో అడ్డుపడుట మానెడిది! లోహము అంతయు అచటనే యున్నది. చుట్టు తిరుగు దారి మాత్రము తెగినది. ఇంతకన్న చక్కని వ్యతిరేక పరీక్ష నాకు కనబడలేదు.

పాతరకము కరెంటు మీటరులో అద్దము వెనుక అల్యూమినియపు చక్రము మెల్లగా తిరుగుట మీలో పెద్దవారందఱు చూచియున్నారు. చక్రమును త్రిప్పునదియు సుడిప్రవాహమే. అది విచ్చలవిడిగా పరుగెత్తకుండ ఒక ప్రక్క నిలిపిన అయస్కాంతము కళ్లెము వేయునదియు సుడిప్రవాహమే.

ఇప్పుడు వంటయింటికి వత్తము. ఇండక్షన్ పొయ్యి గాజుపలక క్రింద నున్నది ఒక పెద్ద చదును చుట్ట, అంతే. అందు ప్రవాహము సెకనుకు 20 వేలమాఱులకు మించి దిక్కు మార్చుకొనుచుండును. పైనున్న గిన్నె అడుగు ఒక్క చుట్టే గల, కొనలు కలిసియున్న చుట్టవంటిది. అందులో సుడులు పుట్టును. లోహపు నిరోధముతో ఒరసికొని వేడియగును. మంట యెక్కడను లేదు. గిన్నె తానే పొయ్యి. మా యింట అత్తగారినాటి రాగి చెంబు దానిమీద పెట్టి, పొయ్యి చెడిపోయినదని ఒకనాడు గొడవ జరిగినది. రాగిలో ప్రవాహము పుట్టదని కాదు, ధారాళముగా పుట్టును. దారి సాఫీగా నున్నందున వేడి కొద్ది. ఇనుములో అట్లు కాదు. అయస్కాంత గుణము గల లోహమగుటచే ఆ ప్రవాహము పైపొఱలోనే, మిల్లీమీటరులో సుమారు పదవవంతు మందములోనే, ఇరుకుకొని పాఱును. ఇరుకు సందులో జనము త్రొక్కిసలాడినట్లు అచట వేడి పుట్టును.

గిన్నె ఊరకుండదు. అందలి ప్రవాహము క్రింది చుట్టనెదిరించును. చుట్టలోని ప్రవాహపు తీరు మాఱును. ఆ మార్పునుబట్టియే పైన తగిన గిన్నె యున్నదో లేదో పొయ్యి గ్రహించి, లేనిచో ఆగిపోవును. ఇదిగాక చదును చుట్టకు తనవలననే మఱియొక బాధ కలదు. దాని చుట్లు ఒకదాని నొకటి ఆనుకొని యుండును. ఒక్కొక్క చుట్టు ప్రక్కచుట్టు యొక్క మాఱుచున్న అయస్కాంత క్షేత్రములో మునిగియుండును. దానివలన ప్రవాహము తీగ యంతటను సమముగా పాఱక ఒక అంచునకు త్రోయబడును. ఇంత వేగమున దిక్కు మార్చు ప్రవాహము రాగిలో సుమారు 0.4 మిల్లీమీటరు లోతునకు మించి చొరదు. లావు తీగ వాడినచో నడుమనున్న రాగి యంతయు దండుగ. కావున విప్పి చూచినచో ఆ చుట్ట ఒక్క తీగ కాదు; వెండ్రుకలవలె సన్నని తీగలు, దేనికది వార్నిషు పూతతో, జడవలె పేనియుండును. ప్రతి తీగయు ఒకమాఱు లోపలికి, ఒకమాఱు వెలుపలికి వచ్చుటచే భారము అందఱికిని సమముగా పంచబడును. సెల్‌ఫోనును తీగ తగిలింపకయే పలకమీద పెట్టి నింపుటయు రెండు చదును చుట్టల సంబంధమే. ఫోను కొంచెము ప్రక్కకు జరిగినచో దూఱు బలరేఖలు తగ్గి నింపుట మందగించును. నడుమ నాణెము జాఱిపడినచో, హెన్రీ రేకు కథయే జరిగి, నాణెము కాలును.

నా శిష్యుని పొలము తిరిగి రాలేదు. చక్రమును విఱుగగొట్టి బిళ్లలు అమ్ముకొందుననెను. నేను వారించి, పాఠశాలకు ఇప్పించితిని. దానికొక పిడి, ఒక బల్బు, ఒక మీట అమర్చినాము. ఏటేట పదవ తరగతి పిల్లలు లెంజ్ నియమము చదువునాడు నన్ను పిలుతురు. ఒకరు కండ్లు మూసికొని పిడి త్రిప్పుదురు. వేఱొకరు చప్పుడు చేయక మీట వేయుదురు, తీయుదురు. మీట ఎప్పుడు వేసిరో త్రిప్పువారు చెప్పవలెను. ఇంతవఱకు ఒక్కరును తప్పు చెప్పలేదు.